పాత విమానాల ఫుటేజ్ వెక్కిళ్లు పెడుతోందా? స్పీడ్ మార్చే ముందు ఫ్రేములు చూడండి

1908లో విల్బర్ రైట్ ఫ్రాన్స్‌లో ఎగిరినప్పటి రీలు కావచ్చు, 1916లో మొదటి ప్రపంచ యుద్ధపు సోమ్ రంగం రీలు కావచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ మీద సరిగా నడవకపోతే అందరూ ముందుగా స్పీడ్ తగ్గిస్తారు. దయచేసి ఆ పని చివర్లో చేయండి. ముందు క్లిప్ ఆపి, కుడి బాణం మీట నొక్కుతూ ముప్ఫై ఫ్రేములు ఒక్కొక్కటిగా చూడండి. రెండు నిమిషాలు కూడా పట్టదు. నా దగ్గరకు వచ్చే ఫైళ్లలో చాలావాటికి ఆ రెండు నిమిషాలు ఎవరూ పెట్టలేదు.

మనుషులు పరుగులు పెడుతున్నట్టుంటే

బాణం నొక్కిన ప్రతిసారీ బొమ్మ కదులుతోందా? అయితే సమస్య చిన్నదే. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవారు, సెకనుకు సుమారు 16 ఫ్రేములు. వాటిని 24 చొప్పున ఆడిస్తే వేగం ఒకటిన్నర రెట్లు అవుతుంది. క్లిప్‌ను 16 ఫ్రేములదిగా చదవమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి. తిప్పే చేతిని బట్టి అది 14 కావచ్చు, 18 కావచ్చు, కాబట్టి కంటితో సరిచూసుకోవాలి. కవాతు షాట్ ఉంటే మంచి కొలత దొరికినట్టే. బ్రిటిష్ పదాతిదళం క్విక్ మార్చ్‌లో నిమిషానికి 120 అడుగులు వేసేది. పది సెకన్లలో 20 అడుగులు పడేదాకా సర్దండి.

ప్రొపెల్లర్‌ను మాత్రం కొలతగా వాడకండి. నిమిషానికి 1200 చుట్లు తిరిగే రెండు రెక్కల ప్రొపెల్లర్ 16 ఫ్రేముల కెమెరాలో ఫ్రేముకు ఒకటింబావు చుట్టు తిరుగుతుంది. అందుకే నాలుగు రెక్కలు ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంజన్ వేగం కాస్త మారితే వెనక్కి తిరుగుతున్నట్టూ కనిపిస్తుంది. అది లోపం కాదు, బాగుచేయడానికి ప్రయత్నించకండి.

నడక వేగం బాగానే ఉన్నా విమానం ఆగి ఆగి కదులుతుంటే

నన్ను బాగా దెబ్బ తీసింది ఇదే. ఒకసారి సెకనుకు 25 ఫ్రేముల ఫైల్ వచ్చింది, మోనోప్లేన్ (ఒకే వరుస రెక్కల విమానం) మైదానం మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లే షాట్. కదలిక కుదుపుగా ఉంది కదా, మూకీ రీలే కదా అని లెక్కగట్టి 64 శాతానికి తగ్గించాను. జనం నీళ్లలో నడుస్తున్నట్టు అయింది. పోనీ అని మధ్య ఫ్రేములు పుట్టించే ఆప్షన్ వేస్తే రెక్కల తీగలు కరిగిపోయి, ప్రొపెల్లర్ జిగురు ముద్దలా తయారైంది. మూడు రోజులు పోయాక బాణం మీట నొక్కి చూశాను. కదిలింది, కదిలింది, కదల్లేదు. మళ్లీ అదే వరుస.

కారణం ఫైల్‌లో లేదు, ప్రింట్‌లోనే ఉంది. మూకీ రీళ్లను శబ్దంతో వచ్చే డాక్యుమెంటరీల్లో వాడటానికి ల్యాబ్‌లో ప్రతి రెండో ఫ్రేమును రెండుసార్లు అచ్చువేసేవారు. రెండు ఫ్రేములు మూడవుతాయి, 16 కాస్తా 24 అవుతుంది. వేగం అప్పుడే సరిచేసేశారన్నమాట. మనం మళ్లీ తగ్గిస్తే రెండోసారి తగ్గించినట్టే.

నకిలీ ఫ్రేములను తీసేసే ఆటోమేటిక్ ఫిల్టర్ ఇక్కడ తరచూ మోసపోతుంది. ఒకే ఫ్రేమును రెండుసార్లు అచ్చువేసినా కొత్త ప్రింట్‌లో గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి రవ్వలు) వేరు, దుమ్ము వేరు, బొమ్మ నిలిచే చోటు కూడా వెంట్రుకవాసి వేరు. సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ వేర్వేరు ఫ్రేములనుకుంటుంది. మీరు పాత గీతలను చూడండి. అసలు నెగెటివ్ మీది గీత రెండు ఫ్రేముల్లోనూ బొమ్మతో పాటు ఒకే చోట ఉంటుంది. ప్రింట్ మీద పడ్డ దుమ్ము ఒక్కదాంట్లోనే ఉంటుంది. అలా కనిపిస్తే అది జంట ఫ్రేమే.

ముందుగా, అమెరికన్ వీడియో టేపు నుంచి వచ్చిన, సెకనుకు 29.97 ఫ్రేముల ఫైల్ అయితే టీవీ కోసం కలిపిన అదనపు ఫ్రేములను (పుల్‌డౌన్) తీసేసి 24కు తెచ్చుకోండి. చివర్లో చేరినదే మొదట తీయాలి. తర్వాత షాట్ షాట్‌గా కోయండి, ఎందుకంటే అతుకు దగ్గర జంటల వరుస మారిపోవచ్చు. మొత్తం రీలుకు ఒకే వరుస పెడితే రెండో షాట్‌లో మంచి ఫ్రేములు పోతాయి. ప్రతి షాట్‌లో జంట ఎక్కడ పడుతుందో చూసి, మూడింటిలో ఒకటి తీసేయండి. జంటలో శుభ్రంగా ఉన్నది ఉంచండి. దుమ్ము రెండింట్లో వేర్వేరు చోట్ల ఉంటే ఒకదానిలోని మచ్చను రెండోదాని నుంచి పూడ్చుకోవచ్చు. మిగిలినవాటిని 16 ఫ్రేములుగా చదివించి, పైన చెప్పిన అడుగుల లెక్కతో సరిచూడండి. మధ్య ఫ్రేములు పుట్టించకండి.

రెక్కల మీది గుండ్రటి గుర్తు కోడిగుడ్డులా సాగితే

4:3 నిష్పత్తి బొమ్మను వెడల్పు తెరకు లాగారు. తిరిగి 4:3 చేసి పక్కన నలుపు వదలండి. బొమ్మ ఎడమ అంచు తెగినట్టుంటే మూకీ రీలును, శబ్దపు పట్టీకి చోటు వదిలే సౌండ్ ఫిల్మ్ గేటులో (ఫ్రేమును పట్టే చట్రం) స్కాన్ చేశారు. దానికి ఎడిటింగ్‌లో మందు లేదు, మళ్లీ స్కాన్ చేయించాల్సిందే.

తోక మీది అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తే క్లిప్‌ను ఎడమ కుడి మారేలా అడ్డంగా తిప్పండి. అంకెలు లేని షాట్‌లో లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీ బోల్టు పిడి కుడివైపు ఉందో లేదో చూస్తే చాలు.

ఫిల్మ్ కుంచించుకుపోవడం, ఒకే షాట్‌లో తిప్పే చేతి వేగం మారిపోవడం లాంటివీ ఉంటాయి. అరుదు. పైవన్నీ చూశాకే వాటి దాకా వెళ్లండి.