లైనక్స్ ఎక్కించే ముందు ఇవి చూసుకోండి

□ ముందు మీరు ఆడే గేమ్‌ల జాబితా రాసుకోండి, ఏ డిస్ట్రో (లైనక్స్ రకం) అన్న సంగతి తర్వాత. ఒక్కో గేమ్ పేరూ ప్రోటాన్‌డీబీలో (ఏ గేమ్ లైనక్స్‌లో ఎలా నడుస్తుందో చెప్పే వెబ్‌సైట్) వెతకండి. గేమ్‌లు అమ్మే స్టీమ్‌లోని చాలా గేమ్‌లు ప్రోటాన్ (విండోస్ గేమ్‌లను లైనక్స్‌లో నడిపే టూల్) సాయంతో నడుస్తాయి. చిక్కంతా యాంటీ చీట్‌తోనే, అంటే ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్‌తోనే. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లైనక్స్‌లో నేరుగా ఆడలేరు, ఏ డిస్ట్రో వేసినా అంతే. అవి లేకపోతే తోచదనుకుంటే విండోస్‌ను తీసేయకండి.

□ గ్రాఫిక్స్ కార్డు ఏదో చూడండి. ఏఎమ్‌డీ అయితే డ్రైవర్ టెన్షన్ దాదాపు ఉండదు. ఎన్విడియా అయితే డ్రైవర్ విడిగా వేసుకోవాలి. మింట్ అనే డిస్ట్రోలో డ్రైవర్ మేనేజర్ ఆ పని చేసిపెడుతుంది. గేమింగ్ డిస్ట్రో బజైట్‌లో మీ కార్డుకి సరైన ఇమేజ్ (ఇన్‌స్టాల్ ఫైల్) ఎంచుకుంటే డ్రైవర్ అందులోనే వస్తుంది.

□ రోజువారీ పనికి, కాస్త పాత కంప్యూటర్‌కి మింట్ చాలు. కొత్త కార్డు కొన్నవాళ్లు ఫెడోరా డిస్ట్రో వైపు చూడటం మేలు, అందులో కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లైనక్స్ మూలభాగం) కొత్తగా ఉంటుంది. ఆర్చ్ గొప్పదే, కానీ మొదటిసారికి వద్దు.

□ ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి వైఫై, సౌండ్, బ్లూటూత్, స్లీప్ పరీక్షించండి.

□ బ్యాకప్ వేరే డిస్క్‌లో ఉండాలి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

□ గేమ్‌లను విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ (డిస్క్ భాగం) నుంచే ఆడాలనుకోకండి, ప్రోటాన్ అక్కడ తరచూ మొరాయిస్తుంది.