చెరువు నిండినా యాసంగికి నీళ్లు చాలట్లేదా? ముందు తూము దగ్గర చూడండి

నల్లగొండ, పాలమూరు చెరువుల కింద నీళ్లు తక్కువైతే అందరం ముందు మొగులు వైపే చూస్తాం. మనది వానలు తక్కువ పడే ప్రాంతమే, కాదనను. కానీ చెరువు నిండి అలుగు (మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) పోసిన ఏడు కూడా మార్చిలో కొట్లాటలు అవుతున్నాయంటే తప్పు వానది కాదు, నీళ్లు వదిలిన తీరుది.

సమస్య: అక్టోబర్‌లో చెరువు నిండుగా ఉంది. మార్చిలో వరి పొట్ట మీద ఉండగా అడుగంటింది.

కారణం: కట్ట మీద నిలబడి కంటితో అంచనా వేయడం. చెరువు అడుగు మూకుడులా ఉంటుంది. లోతు సగానికి తగ్గిందంటే నీళ్లు సగం మిగిలినట్టు కాదు. నాలుగో వంతో, అంతకన్నా తక్కువో ఉంటాయి. పైన ఒక్క అడుగు దిగితే పోయే నీళ్లు, కింద మూడడుగుల్లో కూడా ఉండకపోవచ్చు. దానికి తోడు పూడిక. ఎప్పుడో రాసిన నిల్వ లెక్క ఇప్పటికీ సరిపోతుందని అనుకోవద్దు. ఎండలు ముదిరాక ఆవిరిగా రోజుకు సెంటీమీటరు దాకా పోతుంది.

పరిష్కారం: నాట్లకు ముందే, అంటే నవంబర్‌లో నారు పోయకముందే, తూము (చెరువు నుంచి పొలాలకు నీళ్లు వదిలే ద్వారం) దగ్గర గేజీ చూసి నిల్వ రాసుకోండి. గేజీ లేకపోతే తూము గోడ మీద అడుగుల గీతలు పెయింటుతో వేయించండి. మామూలుగా వాడే లెక్క ఒక టీఎంసీకి, అంటే వంద కోట్ల ఘనపుటడుగులకు, 6 వేల ఎకరాల వరి, ఆరుతడి (మడిలో నీళ్లు నిలబెట్టని పంట) అయితే 10 వేల ఎకరాలు. మన చిన్న చెరువుకు దించుకుంటే ఒక ఎంసీఎఫ్‌టీకి, అంటే 10 లక్షల ఘనపుటడుగులకు, 6 ఎకరాల వరి. తూము మట్టానికి పైన 12 ఎంసీఎఫ్‌టీ ఉందనుకోండి. ఆవిరికీ ఊటకూ పావు వంతు తీసేస్తే మిగిలేది 9. అంటే 54 ఎకరాల వరి, లేదా 90 ఎకరాల వేరుశనగ. ఆయకట్టు, అంటే చెరువు కింద పారే భూమి, 150 ఎకరాలుంటే ఎవరి మడి ఆపాలన్నది జనవరిలో కాదు, ఆ నవంబర్ గ్రామసభలోనే తేలాలి. టెన్షన్ అక్కడే పడితే తర్వాత ఉండదు.

కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చే చెరువులకూ ఇదే. ఇంకా కాలువ దిగని నీళ్లను నమ్ముకుని నారు పోయొద్దు.

సమస్య: తూము దగ్గరి పొలాల్లో మోకాలి లోతు, చివరి మడికి చుక్క లేదు.

కారణం: రాత్రీ పగలూ తూము తెరిచి ఉంచడం. ఒక క్యూసెక్కు, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 12 గంటలు పారితే దాదాపు ఎకరంలో అడుగు లోతు నీళ్లు. రాత్రి ఎవరూ మళ్లించకపోతే అవన్నీ వాగులోకే.

పరిష్కారం: వంతులు పెట్టి, ముందు చివరి నుంచి పారించండి. నీరటికి (తూము తెరిచి నీళ్లు పంచే మనిషికి) ఇచ్చేది సమయానికి ఇవ్వండి. ఆయన చేతిలో తాళం ఉంటే సగం గొడవ ఉండదు. షట్టర్ మూసినా కారుతుంటే రబ్బరు సీలు, అడుగున ఇరుక్కున్న రాయి చూడాలి. ఆ పని మేలో, చెరువు ఖాళీగా ఉన్నప్పుడే.

సమస్య: వానలు బాగానే పడ్డాయి, చెరువు మాత్రం నిండలేదు.

కారణం: పై నుంచి వచ్చే కాలువలో సర్కారు తుమ్మ, కొత్త రోడ్డు కింద చిన్న పైపు, లేదా ప్లాట్ల కోసం పూడ్చిన చోటు. ఒకదాని నీళ్లు ఇంకోదానికి దిగే గొలుసుకట్టులో పై చెరువు అలుగు ఎత్తు పెంచి ఉన్నా ఇదే ఫలితం.

పరిష్కారం: జూన్‌కు ముందు కాలువ వెంట పై చెరువు దాకా నడవండి. ఆఫీసులో కూర్చుని తెలిసేది కాదు.

సమస్య: కట్ట దిగువన తడి, ఊట.

కారణం: తేట నీళ్లు సన్నగా కారితే చాలా మట్టికట్టలకు మామూలే. నీళ్లు ఎర్రగా, మట్టితో వస్తే మాత్రం లోపల కట్ట కోసుకుపోతోందని అర్థం. ఎండ్రకాయ బొరియలు, ఎలుక బొక్కలు, చచ్చిన చెట్ల వేర్లు దారి ఇస్తాయి. వానాకాలం దాటింది కదా అని నిద్రపోవద్దు. వనపర్తి జిల్లా సరళాసాగర్ కట్ట తెగింది 2019 డిసెంబర్ 31న.

పరిష్కారం: ఊటను దిగువ నుంచి మట్టితో మూసేయకండి, పక్క నుంచి ఇంకా పెద్దగా వస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల ఇసుక, దాని పైన కంకర పోయండి. నీళ్లు రావాలి, మట్టి ఆగాలి. తూము తెరిచి మట్టం దించుతూ ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఫోన్ చేయండి. కట్ట మీది చెట్లను వట్టిగా నరికితే వేర్లు కుళ్లి కొత్త బొక్కలవుతాయి. ఎండాకాలంలో వేరుతో పెకిలించి, బంకమట్టి పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. ఒండ్రు తవ్వేటప్పుడు కూడా కట్ట మొదలుకు దూరంగా ఉండాలి.

ఇక అలుగు మీద బస్తాలు వేసి మట్టం పెంచే అలవాటు. అడుగు నీళ్లు ఎక్కువ ఆగుతాయి, నిజమే. పెద్ద వాన వస్తే అవే నీళ్లు కట్ట పైనుంచి దుంకుతాయి, మట్టికట్ట దానికి నిలవదు. శిఖంలో, అంటే చెరువు లోపల నీళ్లు నిలిచే భూమిలో, సాగు చేసేవాళ్లు రాత్రికి రాత్రి అలుగుకు గండి కొట్టడం దీనికి ఇంకో వైపు. సర్పంచ్ రెండు వైపులవాళ్లనూ కూర్చోబెట్టి మట్టం ఖాయం చేయాలి, బస్తాలు ఉంటే ఆ రోజే తీయించాలి.