బరంపురంలో ఒడియా వారింట పనికి చేరే పిల్లకి

మాది ఇచ్ఛాపురం పక్క పల్లె. పందొమ్మిదో ఏట బరంపురంలో ఒక ఒడియా వారింట్లో పనికి చేరాను, తిండీ పడకా అక్కడే. రైల్లో గంట కూడా పట్టదు గానీ భాష మారిపోయింది. బరంపురం బజార్లో తెలుగు నడుస్తుంది, వంటింట్లో నడవదు. ఇప్పుడు మా వైపు పిల్లలు వస్తే నన్నే అడుగుతారు, "అప్పా, ముందు ఏటి నేర్చుకోవాల?" అని. మా వైపు అప్ప అంటే అక్క.

ముందు మాటలు. మొదటిరోజు ఆ ఇంటి జేజీమా, అంటే నాయనమ్మ, "పాణి ఆణ" అంది. నాకు పని అని వినబడింది, చీపురు పట్టుకెళ్లాను. ఆవిడకి కావలసింది మంచినీళ్లు. సాయంత్రం కోడలు "బాసన మాజ" అంటే ఏదో వాసనొస్తోంది కాబోలని మోరీ దగ్గరకెళ్లి చూశాను. అంట్లు తోమమనడం అది! అందుకని చేరిన రోజే డబ్బాలన్నీ ముట్టుకుంటూ "ఎయిటా కణ?", అంటే ఇదేంటి, అని అడుగు. లుణ ఉప్పు, చిని పంచదార, హళది పసుపు. నవ్వితే నవ్వనీ. పెద్దవాళ్లని 'ఆపణ', అంటే మీరు, అనాలి; 'తూ', నువ్వు, అంటే పోయినట్టే. కూతుర్ని 'అపా' అని పిలువు. మన అప్పే అనుకో, నోరు తిరగడానికి కష్టం లేదు.

వంటలో చింతపండు మీదకి పోయే చెయ్యి ఆపుకో. పోపుకి పాంచ ఫుటణ అని అయిదు దినుసులు ఉంటాయి: జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, కలోంజీ అనే నల్ల గింజలు. ఆవనూనె పొగలొచ్చేదాకా కాగనిచ్చి, మంట తగ్గించి, అప్పుడు వెయ్యి. పొగ మీదే వేస్తే మెంతులు మాడి కూరంతా చేదు. డాల్మా, అదే కూరగాయలేసిన పప్పు, దించాక వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి జల్లు. పఖాళ అంటే నీళ్లలో పులియబెట్టిన అన్నం, అది నీకు నేర్పక్కర్లేదు, తరవాణి తాగి పెరిగినదానివి.

మార్గశిరంలో గురువారాలు జాగ్రత్త. లక్ష్మీపూజ, ఉల్లి వెల్లుల్లి ముట్టుకోరు. తెల్లారకముందే ఇల్లు తుడిచి, బియ్యప్పిండి కలిపిన నీళ్లతో గుమ్మం నుంచి లోపలికి లక్ష్మి పాదాలు వేస్తారు. పిండి రాత్రే రుబ్బి పెట్టు, పొద్దున్న నీకు ఊపిరాడదు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. జీతమెంత, నెలకి సెలవులెన్ని, చేరకముందే తేల్చుకో. జీతం వాళ్ల దగ్గరే దాచమనకు. ఒకచోట నా రెండు నెలల డబ్బు "ఇచ్చేశాం కదా" అన్నారు, నా దగ్గర కాయితం ముక్క లేదు. నోటుబుక్కులో తేదీ వేసి సంతకం పెట్టించు. ఆధార్, బ్యాంకు ఖాతా తీసుకెళ్లి ఈ-శ్రమ్‌లో, అంటే కూలిపనివాళ్ల పేర్లు రాసుకునే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో, పేరు రాయించుకో. 16 నుంచి 59 ఏళ్ల లోపు ఇంటిపనివాళ్లకీ ఉంది.

ఇంకోటి, జూన్ నడుమ రజ పండగ. భూదేవి ముట్టయిందని ఆ మూడు రోజులూ ఆడవాళ్లు రుబ్బరు, కూర తరగరు, ఉయ్యాలలూగుతారు. ముందురోజు రుబ్బడం తరగడం అంతా నీ నెత్తిమీదే. దానికి గొణగకు, కానీ మూడు రోజుల సెలవు మే నెలలోనే అడిగి ఉంచు. నువ్వూ ఆడపిల్లవే కదా! నాలుగోరోజు పొద్దున్న తిరిగొచ్చేసరికి మోరీ దగ్గర బాసన గుట్టగా ఉంటుంది, అది తెలిసే వెళ్లు.