కొలిమికి మోటారు సుత్తి కట్టుకోవడం ఎలా?

మాది కోనసీమ. మా కొలిమిలో ఎక్కువగా సాగేవి కొడవళ్లు, కొబ్బరి దింపేవాళ్ల కత్తులు. సుత్తి పట్టే కుర్రాళ్లు ఒక్కొక్కరే గల్ఫ్ వెళ్లిపోయారు. నాన్నకేమో కుడి భుజం లేవడం మానేసింది. అప్పుడు కట్టుకున్నదే ఈ మోటారు సుత్తి. వెల్డింగు వచ్చి, లేత్ పని చేయించుకోగలిగిన ఎవరైనా కట్టుకోవచ్చు.

ముందే ఒక మాట. ఇది సమ్మెటకి సాటి రాదు. పది కిలోల తల ఏడంగుళాల ఎత్తు నుంచి పడితే వచ్చేది మంచి చేతి సుత్తి దెబ్బంతే. కాకపోతే నిమిషానికి 90 దెబ్బలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే తీరున పడతాయి. గునపాలూ గొడ్డళ్లూ దీనితో కావు. పలచటి పని సాగదీయడానికే ఇది.

పని చేసే తీరు పాతకాలపు ఏతం లాంటిదే. నాలుగడుగుల దూలానికి ఒక చివర సుత్తి తల, రెండో చివర తోక. తోకని కిందికి నొక్కితే తల లేస్తుంది, వదిలేస్తే తన బరువుతో పడుతుంది.

మొదట దాగలి, అంటే ఎర్ర ఇనుము పెట్టి కొట్టే ఉక్కు దిమ్మె. మన డెల్టా ఒండ్రు నేలలో అసలు కష్టమంతా ఇక్కడే. మొదటిసారి దాగలినీ ఫ్రేమునీ ఒకే కాంక్రీటు దిమ్మ మీద నిలబెట్టాను. నెల తిరక్కుండానే దిమ్మ ఒక పక్కకి ఒరిగింది, బేరింగు బోల్టులన్నీ వదులైపోయాయి. అందుకని దాగలికి విడిగా మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు గొయ్యి తవ్వండి. అడుగున ఇసుకా కంకరా పోసి దిమ్మిస కొట్టి, ఆ పైన ఊచలు వేసి కాంక్రీటు పోయండి. ఈ పని ఎండాకాలంలో పెట్టుకోవాలి. వానలు మొదలైతే గొయ్యిలో నీళ్లు ఊరతాయి. దాగలి బరువు తలకి కనీసం పది రెట్లు ఉండాలి. పాత ఇనుము కొట్లో ఆరంగుళాల గుండ్రటి ఉక్కు కడ్డీ దొరికితే అడుగుకి 44 కిలోలు తూగుతుంది. రెండున్నర అడుగుల ముక్క చాలు.

ఫ్రేముకి 100 మిల్లీమీటర్ల సి-ఛానల్ వాడాను. దూలం నల్లతుమ్మ చేవ, నాలుగంగుళాల చదరం. తల వైపు మూడడుగులు, తోక వైపు ఒక అడుగు వచ్చేలా ఇరుసు పెట్టి, రెండు పక్కలా ఇరుసుని పట్టి ఉంచే ప్లమ్మర్ బ్లాకు బేరింగులు బిగించండి. తోక చివర ఒక బేరింగుని రోలర్‌లా అమర్చాలి.

ఆ రోలర్‌ని పైనుంచి నొక్కేది కామ్. 20 మిల్లీమీటర్ల మందపు ఇనుప పలకని నత్తగుల్ల ఆకారంలో కోయించండి. మధ్య నుంచి అంచు దూరం మూడంగుళాలతో మొదలై, చుట్టులో మూడింట రెండు వంతులు తిరిగేసరికి అయిదున్నరకి పెరగాలి. అక్కడ ఒక్కసారిగా మెట్టులా తెగి మళ్లీ మూడుకి రావాలి. మెల్లగా ఎత్తి, టక్కున వదిలేస్తుందన్నమాట. తల దాగలి మీద ఆనినప్పుడు కామ్‌కీ రోలర్‌కీ మధ్య పావంగుళం సందు ఉండాలి. లేకపోతే దెబ్బ ఇనుము మీద కాకుండా కామ్ మీద పడుతుంది.

మోటారు అర హెచ్‌పి సింగిల్ ఫేజ్, 1440 ఆర్‌పీఎం. ఇంతకన్నా పెద్దది కొనకండి, డబ్బు దండగ. తలనీ దూలాన్నీ ఎత్తడానికి 50 వాట్ల చిల్లర చాలు, అర హెచ్‌పి అంటే 373 వాట్లు. మూడంగుళాల పుల్లీ నుంచి పన్నెండంగుళాల పుల్లీకి ఒక బెల్టు, మళ్లీ మూడు నుంచి పన్నెండుకి ఇంకో బెల్టు. వేగం 360కి, తర్వాత 90కి దిగుతుంది. కామ్ తిరిగేది ఆ చివరి పుల్లీతోనే.

ఇంకా వేగం కావాలనిపిస్తుంది. నాకూ అనిపించి చివరి పుల్లీ తొమ్మిదంగుళాలది వేశాను. 120 దెబ్బలు రావాలి, కానీ ఒక్కటీ దాగలి దాకా రాలేదు. ఏడంగుళాలు పడటానికి తలకి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. 120 చుట్లకి కామ్ ఇచ్చే ఖాళీ సెకనులో ఆరో వంతే. పడుతున్న తలని మధ్యలోనే అందుకుని టకటకా మోగింది. తలని పూర్తిగా పడనివ్వాలి, ఈ మిషన్‌కి ప్రాణం అదే.

బెల్టు వేసేముందే మోటారు ఎటు తిరుగుతోందో చూసుకోండి. తిరగబడితే కామ్ మెట్టు రోలర్‌కి అడ్డంపడి బెల్టో ఇరుసో పోతుంది.

తలని పైన నిలిపి ఉంచే ఆనుకర్ర ఒకటి పెట్టి, దాన్ని స్ప్రింగుతో కాలి పెడల్‌కి కలపండి. తొక్కితే కర్ర పక్కకి తప్పుకుంటుంది, కాలు తీస్తే స్ప్రింగు దాన్ని మళ్లీ దూలం కిందికి తెస్తుంది. తొక్కినంతసేపే దెబ్బ. తల కింద చెయ్యి పెట్టాల్సి వస్తే మాత్రం కర్రని నమ్మొద్దు, స్విచ్చి ఆపి మొద్దు అడ్డం పెట్టండి. రెండు బెల్టులకీ జాలీ తప్పనిసరి. మనవాళ్లు భుజాన తువ్వాలు, నడుముకి లుంగీతోనే పనిలోకి దిగుతారు. మోటారుకి ఎర్తింగు చేయించకుండా తడి నేల మీద నిలబడి పని చేయొద్దు.

ఎర్ర ఇనుము పెట్టేముందు దాగలి మీద అరంగుళం మందాన బంకమట్టి బిళ్ల పెట్టి ఒక్క దెబ్బ వేయండి. అచ్చు ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పైపైన పడితే తల వాలిందని అర్థం. తలకీ దూలానికీ మధ్య రేకు ముక్క దూర్చి, మళ్లీ మట్టి పెట్టి చూడండి. నాకు నాలుగోసారికి నాలుగు అంచులూ సమానంగా పడ్డాయి. అప్పుడు నాన్న కొలిమిలోంచి కొడవలి ముక్కని పట్టకారుతో తీసుకొచ్చి, ఎడమకాలితో పెడల్ తొక్కాడు.