బోర్డ్ గేమ్‌కి ఎక్స్‌పాన్షన్ కొనాలా వద్దా? తేల్చుకోవడం ఎలా

పోయిన సంక్రాంతికి మా చెల్లెలి ఇంటికి వెళ్తే అల్మారాలో సీలు కూడా విప్పని ఎక్స్‌పాన్షన్ పెట్టెలు, అంటే అసలు ఆటకి కలుపుకుని ఆడే అదనపు పెట్టెలు, మూడు కనిపించాయి. అసలు ఆట ఎన్నిసార్లు ఆడారని అడిగాను. "రెండుసార్లు అన్నయ్యా. పిల్లలకి బాగా నచ్చింది, అందుకే అన్నీ తెప్పించేశాం" అంది. ఇలాంటి అల్మారాలు చాలా చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. మా ఇంట్లో పదిహేనేళ్లుగా శనివారం రాత్రుళ్లు బల్ల చుట్టూ ఆటలు నడుస్తున్నాయి. మేం కొన్న ఎక్స్‌పాన్షన్ల కంటే కొనకుండా ఆగినవే ఎక్కువ. ఎలా ఆగాలో, ఎప్పుడు కొనాలో చెబుతాను.

కావలసినవి ఒక నోటు పుస్తకం, పెన్ను, కొనాలనుకుంటున్న ఎక్స్‌పాన్షన్ రూల్ బుక్. రూల్ బుక్కులు చాలావరకు ప్రచురణకర్తల వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. దించుకుని పెట్టుకోండి.

1. ఎన్నిసార్లు ఆడారో లెక్క తీయండి

పదిసార్లు ఆడని ఆటకి ఎక్స్‌పాన్షన్ కొనకూడదు. మొదటి మూడు ఆటలు రూల్స్ ఒంటబట్టడానికే సరిపోతాయి. తర్వాతి మూడు, నాలుగు ఆటల్లో అవతలివాళ్లు ఎలా ఆడతారో తెలుస్తుంది. ఆ తర్వాతే ఆటలో నిజంగా ఏం తక్కువైందో కనిపిస్తుంది. పక్షుల్ని చేరదీసే ఆట వింగ్‌స్పాన్ ఉంది కదా, ఆ పెట్టెలో 170 పక్షుల కార్డులుంటాయి. ఒక ఆటలో వాటిలో పెద్ద భాగం కట్టలోనే ఉండిపోతుంది. ఉన్న పక్షుల్నే పూర్తిగా చూడకుండా ఇంకో 81 పక్షులున్నాయి కదా అని యూరప్ ఎక్స్‌పాన్షన్ తెప్పించుకోవడంలో అర్థం లేదు.

అసలు ఆట, ఎక్స్‌పాన్షన్ కలిపి కొంటే తగ్గింపు ఇస్తామంటారు. ఒప్పుకోవద్దు. ఆ రోజుకి మీకు అసలు ఆట నచ్చుతుందో లేదో కూడా తెలియదు. తగ్గింపులో మిగిలే డబ్బు కంటే వాడని పెట్టె మీద పోయే డబ్బు ఎప్పుడూ ఎక్కువే.

2. మనుషుల్ని లెక్కపెట్టండి

మీ బల్ల దగ్గర మామూలుగా ఎంతమంది కూర్చుంటారు? పండక్కి వచ్చేవాళ్లని కాదు, మామూలు వారాల్లో ఉండేవాళ్లని లెక్కపెట్టండి. ఆ అంకె పెట్టె వెనక ఉన్న అంకెతో సరిపోవాలి. మ్యాప్ మీద రైలు దారులు వేసే ఆట టికెట్ టు రైడ్‌కి 2011లో భారతదేశం మ్యాప్ వచ్చింది. 1911 నాటి మన రైలు దారులు, వెనక వైపు స్విట్జర్లాండ్. మన దేశం మ్యాప్ అనగానే చెయ్యి జేబులోకి వెళ్తుంది, నాకూ వెళ్లింది. కానీ అసలు ఆట ఐదుగురిది. ఈ మ్యాప్‌లో భారతదేశం వైపు నలుగురికే, స్విట్జర్లాండ్ వైపు ముగ్గురికే. పైగా రైలు పెట్టెలు, రంగు కార్డులు అందులో ఉండవు, అసలు ఆటలోంచి తీసుకోవాలి. మీరు ఐదుగురైతే ఇక్కడే ఆగిపోండి.

3. లోటుకి పేరు పెట్టండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మిగతావన్నీ పది నిమిషాల పనులు. దీనికి మాత్రం నేను కనీసం మూడు శనివారాలు తీసుకుంటాను.

ప్రతి ఎక్స్‌పాన్షన్ ఏదో ఒక లోటు తీర్చడానికే తయారవుతుంది. మీ బల్ల దగ్గర ఉన్న లోటూ ఆ పెట్టె తీర్చే లోటూ ఒకటేనా అన్నది తేలాలి. "బోరు కొట్టింది" అనేది లోటు పేరు కాదు. పప్పులో ఉప్పు తక్కువైందా, పులుపు తక్కువైందా చెప్పకుండా బాలేదంటే వంట చేసినవాళ్లు ఏం వేస్తారు?

ఆట ముగిశాక, కార్డులు పెట్టెలో సర్దకముందే, ఒక్కొక్కరినీ విడిగా అడగండి. "బాగుందా?" అని అడగకండి. మీ ఇంట్లో భోంచేసి కూర్చున్నవాళ్లు బాగుందనే అంటారు. "ఈ రాత్రి ఫోన్ చేతిలోకి ఎప్పుడు తీసుకున్నావు?" అని అడగండి. వాళ్ల జవాబుని వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "నా వంతు వచ్చేసరికి అరగంట పట్టింది", "ఎనిమిది ఒక్కసారీ పడలేదు", "చివర్లో అందరం ఒకే పని చేస్తున్నాం", ఇలా. మూడు ఆటల తర్వాత ఏ మాట మళ్లీ మళ్లీ వచ్చిందో అదే మీ లోటు. ఒక్కసారే వచ్చిన మాటని కొట్టేయండి. అది ఓడిపోయినవాళ్ల కోపం కావచ్చు.

ఇప్పుడు ఆ మాటని పెట్టె పక్కన పెట్టి చూడాలి. వింగ్‌స్పాన్ చాలాసార్లు ఆడినవాళ్ల దగ్గర తరచుగా వినిపించే ఫిర్యాదు చివరి రౌండు గురించి. కొత్త పక్షుల్ని పెట్టడం కంటే గుడ్లు పెట్టించుకుంటూ పోతే పాయింట్లు తేలిగ్గా వస్తాయి కాబట్టి అందరూ అదే చేస్తారు. దీనికి 2019లో వచ్చిన యూరప్ ఎక్స్‌పాన్షన్ మందు కాదు. అందులో కొత్త పక్షులున్నాయి, రౌండు చివర పనిచేసే శక్తులున్నాయి, బాగుంటుంది కూడా, కానీ గుడ్ల సంగతి దాదాపు అలాగే ఉంటుంది. 2020లో వచ్చిన ఓషియానియా ఎక్స్‌పాన్షన్‌లో ఒక్కొక్కరి ముందు ఉండే ప్లేయర్ మ్యాట్లే మారాయి. నెక్టర్ అనే కొత్త ఆహారం వచ్చింది, ఏ ఆహారానికి బదులైనా అది చెల్లుతుంది, మిగిలిపోతే రౌండు చివర పాడైపోతుంది. దాంతో గుడ్ల మీద మోజు తగ్గి పక్షుల మీదికి మళ్లుతుంది. ఒకే ఆటకి వచ్చిన రెండు పెట్టెల్లో ఒకటే మీ లోటు తీరుస్తుంది. గుడ్ల ఫిర్యాదు ఉన్నవాళ్లు "మొదట వచ్చింది కదా" అని యూరప్‌తో మొదలుపెట్టడం చూస్తూనే ఉన్నాను.

ఇంకో జాగ్రత్త. చాలా లోట్లు డబ్బు ఖర్చు లేకుండానే తీరతాయి, ముందు ఆ దారి చూడాలి. కటాన్ ఊళ్లు కట్టుకునే ఆట, ఎవరికి సరుకులు వస్తాయో పాచికల మొత్తమే తేలుస్తుంది. అందులో "నా అంకె పడటం లేదు" అన్న మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వింటాం. అంతమాత్రాన దాని ఎక్స్‌పాన్షన్ సిటీస్ అండ్ నైట్స్ కొనకండి. అందులో ఆలోచించడానికి చాలా ఉంది. సరుకులు, నగరాల మెరుగుదల, ఓడ మీద వచ్చే దండయాత్రలు ఉంటాయి, గెలవడానికి 10 బదులు 13 పాయింట్లు కావాలి. కానీ పాచికలు పోవు, ఉన్న రెండింటికి మూడోది తోడవుతుంది. ఆట కూడా ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

దానికి బదులు కాగితం కత్తిరించి 36 చీటీలు చేయండి. రెండు పాచికల్లో ఏ మొత్తం ఎన్ని విధాలుగా పడగలదో అన్ని చీటీలు. 2కి ఒకటి, 3కి రెండు, 4కి మూడు, 5కి నాలుగు, 6కి ఐదు, 7కి ఆరు. అక్కణ్నుంచి 8కి ఐదు మొదలుకొని అదే వరసలో దిగుతూ 12కి ఒకటి. కలిపి, బోర్లించి, పాచికలకి బదులు వంతుకొక చీటీ తీయండి. చివరి ఐదు చీటీలు మిగలగానే అన్నీ కలిపేసి మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే లెక్కలో గట్టివాళ్లు రాబోయే అంకెలు పసిగట్టేస్తారు. రెండు ఆటలు ఇలా ఆడండి. గొణుగుడు ఆగిపోతే ఏమీ కొనక్కర్లేదు. ఆగకపోతే లోటు పాచికల్లో లేదు, మొదటి ఊళ్లు పెట్టుకున్న చోటులోనో, వ్యాపారం చేయకపోవడంలోనో ఉంది. అప్పుడు మళ్లీ నోటు పుస్తకం తీయాలి.

మన పాత ఆటల్లో ఈ పద్ధతి ఎప్పుడూ ఉంది. అష్టా చెమ్మాకి ఎవరూ రెండో పెట్టె అమ్మలేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో రూలు, ఊరూరికీ మారేది. ఆట ఎక్కడ పట్టేస్తుందో ఆడేవాళ్లే చూసుకుని సరిచేసుకున్నారు. కొన్న ఆటని అలా ముట్టుకోకూడదని ఎవరూ చెప్పలేదు.

"మాకు ఇంకొకరు పెరిగారు" అన్న లోటు తేలికది అనుకుంటారు, దీనికీ లెక్క వేయాలి. వంతుకొక పలక పరుస్తూ ఆడే కార్కసోన్ ఐదుగురి ఆట, పెట్టెలో 72 పలకలు. మొదటి పలక పరిచేస్తే మిగిలేవి 71, ఐదుగురికి మనిషికి 14 వంతులు వస్తాయి. దాని ఎక్స్‌పాన్షన్ ఇన్స్ అండ్ కెథీడ్రల్స్‌లో ఆరో రంగు పావులతో పాటు 18 పలకలు వస్తాయి. 89ని ఆరుగురు పంచుకుంటే మళ్లీ 14, 15 వంతులే. మనిషి పెరిగినా ఎవరి వంతులూ తగ్గవు. అందుకే కార్కసోన్‌కి మొదటి ఎక్స్‌పాన్షన్ అదే కావాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. అదే పలకల్ని ఇద్దరే ఆడేవాళ్లు కలుపుకుంటే మనిషికి తొమ్మిది వంతులు పెరుగుతాయి, ఆట సాగదీసినట్టవుతుంది.

కటాన్‌లో ఆ పెరిగే మనిషి లెక్క ఇంకా ఖరీదు. అసలు ఆట నలుగురికి. ఐదు, ఆరుగురికి వేరే పెట్టె కావాలి. సముద్రం మీద ఆడే సీఫేరర్స్‌ని ఆరుగురితో ఆడాలంటే అసలు ఆట, దాని 5–6 పెట్టె, సీఫేరర్స్, దాని 5–6 పెట్టె, మొత్తం నాలుగు పెట్టెలు. చివరిది ఒక్కటే తెచ్చుకుని బల్ల మీద పెట్టాక తెలుసుకున్నవాళ్లున్నారు.

ఏ పెట్టే తీర్చలేని లోట్లూ ఉన్నాయి. "చాలాసేపు పడుతోంది", "రూల్స్ దగ్గర గొడవ", "మా బావ అందరి ఎత్తులూ తనే వేస్తాడు". పాండెమిక్ లాంటి అందరూ కలిసి ఆడే ఆటల్లో ఈ మూడోది ఎక్కువ. కొత్త పాత్రలు కొన్నంత మాత్రాన బావగారు మారరు. ఆయనతో ఒక మాట మాట్లాడాలి.

సమీక్షలు చూస్తే చాలదా అంటారు. సమీక్షలు చేసేవాళ్లు ఏడాదికి ఎన్నో ఆటలు ఆడతారు, ఒక్కోదీ కొద్దిసార్లే ఆడగలరు. వాళ్లకి కొత్తదనం విలువైనది. మీరు ఒకే ఆటని ఏళ్లతరబడి ఆడే ఇల్లు. వాళ్ల "తప్పక కొనాలి" మీ బల్లకి వర్తించదు. ఆ వీడియోల్లో పెట్టెలో ఏముందో చూడండి, తీర్పు మాత్రం మీ నోటు పుస్తకమే చెప్పాలి.

4. రూల్ బుక్ చదివి, ఎడిషన్ సరిచూడండి

మొత్తం చదవండి. చదివాక, కొత్తగా వచ్చేవేమిటో ఇంట్లో ఒకరికి ఐదు నిమిషాల్లో చెప్పి చూడండి. చెప్పలేకపోతే ఆ రాత్రి బల్ల దగ్గర కూడా చెప్పలేరు. ప్రతివారం ఎవరో ఒక కొత్త చుట్టం ఆటకి కూర్చునే ఇల్లయితే ఇది ఇంకా ముఖ్యం. అలాంటి ఇంట్లో ఎక్స్‌పాన్షన్ అటక దిగదు.

పాత ముద్రణ ఉన్నవాళ్లు బొమ్మలు, కార్డుల వెనక భాగం కలుస్తాయో లేదో చూడాలి. పాండెమిక్ రూపు 2013లో, కార్కసోన్ బొమ్మలు 2014లో మారాయి. కార్డు వెనక తేడా ఉంటే కట్టలో అది ఏ కార్డో ముందే తెలిసిపోతుంది.

5. డబ్బు

ధరని వచ్చే ఏడాదిలో నిజంగా ఆడబోయే ఆటల సంఖ్యతో భాగించండి. మూడు వేల పెట్టెని ఆరుసార్లు ఆడితే ఆటకి ఐదు వందలు. ఆ అంకె చూసి మీ మనసు ఏమంటే అదే. ఊళ్లో బోర్డ్ గేమ్ కెఫే ఉంటే, లేదా కొన్న స్నేహితులుంటే, ముందు ఒకసారి అక్కడ ఆడండి.

6. తెచ్చాక

ఒకసారికి ఒక్కటే. రెండు ఎక్స్‌పాన్షన్లు కలిపి మొదలుపెడితే ఏది బాగుందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు. మొదటి ఐదు ఆటల వరకు కొత్త కార్డుల్ని, పలకల్ని పాతవాటిలో శాశ్వతంగా కలపకండి. ఆట అయ్యాక విడదీసి వాటి పెట్టెలోనే పెట్టండి. కార్కసోన్ కొత్త ముద్రణల్లో ఎక్స్‌పాన్షన్ పలకల మీద చిన్న గుర్తు ఉంటుంది, ఏరడం తేలిక. గుర్తు లేనివాటిని రబ్బరు బ్యాండు వేసి వేరే కవరులో దాచండి. ఐదో ఆట రాత్రి మళ్లీ అదే ఫోన్ ప్రశ్న అడిగి రాసుకోండి. పాత మాట పోయి ఉంటే అప్పుడు కలిపేయండి. పోకపోతే పెట్టె ఇంకా కొత్తగా ఉండగానే, కావలసినవాళ్లెవరికైనా ఇచ్చేయండి.