ఒక్క ఎరుపును పట్టుకుని వెళ్లండి: కళ, రసవాదం పుస్తకాలు వెతుక్కునే పద్ధతి

రసవాదం అంటే లోహాలనూ ఖనిజాలనూ మంటలో మార్చే పాత విద్య, ఇంగ్లీషులో ఆల్కెమీ. ఏ పుస్తకాల షాపులోనైనా "రసవాదం మీద ఏమైనా ఉందా?" అని అడిగి చూడండి. ముందుగా బంగారం చేసే రహస్యాలంటూ అట్ట మీద పామునూ పుర్రెనూ అచ్చేసిన పలుచటి పుస్తకం బయటికి వస్తుంది. అది వద్దంటే కుండలిని గురించినది తీస్తారు. అదీ వద్దంటే జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పేది అంటగడతారు. దానికి "చిత్రకళ" అనే మాట కూడా చేర్చి అడిగితే షాపతను మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. అతన్ని అనుకుని లాభం లేదు. ఆ పేరుతో అలమారలో ఒక వరుసే ఉండదు.

అందుకే నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట: శాస్త్రం పేరు పట్టుకుని వెతకవద్దు, ఒక పదార్థం పేరు పట్టుకుని వెతకండి. ఇంగిలీకం, అభ్రకం, అన్నభేది (ఇనుప లవణం), హరిదళం (పసుపుపచ్చటి ఖనిజం), మైలుతుత్తం (నీలి రంగు రాగి లవణం), వీటిలో మీకు నచ్చినది ఒకటి. రంగులు నూరినవాడికీ కొలిమి ఊదినవాడికీ ఇవన్నీ ఉమ్మడి సరుకు. పదార్థం వెంట వెళితే ఇద్దరి ఇళ్లకూ దారి దొరుకుతుంది.

నేను కందుకూరులో బోర్డులు రాసి బతికినవాణ్ణి. మా ఊరిని కాసేపు ప్రకాశంలో, కాసేపు నెల్లూరులో కలుపుతుంటారు కాబట్టి రెండు జిల్లాల పేర్లూ బోర్డుల మీద రాశాను. ఫ్లెక్సీలు వచ్చి కుంచెకు పని తగ్గాక చదువుకు తీరిక చిక్కింది. ఇంగ్లీషు నెమ్మదిగా, నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతాను. రంగు పని చేసినవాడిని కాబట్టి ఎరుపుతో మొదలుపెట్టాను. మీకూ అదే సలహా.

ఇంగిలీకం అంటే పాదరసం, గంధకం కలిసిన ఎర్రటి ఖనిజం. గనిలో దొరుకుతుంది, మనుషులూ తయారు చేస్తారు. పాదరసాన్నీ గంధకాన్నీ కల్వంలో, అంటే మందు నూరే రాతి రోట్లో, వేసి నూరితే ముందు నల్లటి పొడి వస్తుంది. మన వైద్యులు దాన్ని కజ్జలి అంటారు. ఆ కజ్జలిని చీలమన్ను (మట్టి పూసిన గుడ్డ) చుట్టిన గాజు కుప్పెలో పోసి, ఇసుక నింపిన కుండలో నిలబెట్టి, కింద మంట పెడితే అది ఆవిరై పైకి లేచి కుప్పె మెడ దగ్గర ఎర్రగా పేరుకుంటుంది. అది రససిందూరం. ఆ ఇసుక కుండ ఏర్పాటును వాలుకాయంత్రం అంటారు. ఐరోపాలో చిత్రకారుల కోసం వర్మిలియన్ అనే ఎరుపు రంగు చేసినవాళ్లు చేసిందీ ఇదే మార్పు: నలుపు, మంట, ఎరుపు. ఒకచోట మందు సీసాలోకి పోయింది, ఇంకోచోట దేవదూతల అంగవస్త్రాల మీదికి ఎక్కింది. ఈ సంగతి తెలుసుకుని పుస్తకం తెరిస్తే సగం గందరగోళం ముందే పోతుంది.

మొదట చదవవలసినది ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని 1400 ప్రాంతంలో రాసిన పనివాళ్ల చేతిపుస్తకం, 'ఇల్ లిబ్రో దెల్లార్తే'. వర్మిలియన్ రసవాదం ద్వారా బట్టీలో తయారవుతుందని ఒక్క ముక్కలో చెప్పి, ఎలా చేయాలో రాస్తే చాంతాడంత అవుతుంది, కావాలంటే మఠాల్లోని సన్యాసులను అడగండి, బోలెడు పద్ధతులు చెబుతారు అంటాడు. ఆ తర్వాత అసలు పనికొచ్చే మాట: ఎప్పుడూ గడ్డగా ఉన్నదే కొనండి, దంచినది కొనవద్దు, దంచినదానిలో సీసపు సిందూరమో ఇటుక పొడో కలుపుతారు. రోజూ నూరుతూ ఇరవై ఏళ్లు నూరినా రంగు ఇంకా మేలవుతుందే తప్ప చెడదని కూడా అంటాడు. కారం కొనేటప్పుడు మా ఇంట్లో చెప్పే జాగ్రత్త కూడా ఇదే కాబట్టి ఆయన నాకు వెంటనే చుట్టమైపోయాడు.

ఈ పుస్తకానికి క్రిస్టియానా హెరింగ్‌హామ్ 1899లో చేసిన ఇంగ్లీషు అనువాదం ఉంది. పాతది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఈవిడే తర్వాత అజంతాకు వచ్చి గుహల చిత్రాలకు నకళ్లు తీయించింది. నందలాల్ బోసు వంటి వాళ్లు అప్పుడు యువకులు, ఆమెతో కలిసి పని చేశారు. ఆ నకళ్లు 1915లో పుస్తకంగా వచ్చాయి. ఇటలీ పనివాడి కిటుకులు అనువదించిన చేయే అజంతా గోడల గీతలను అనుసరించిందని తెలిశాక నాకు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. మీరూ అలాగే చూడండి. డేనియల్ థాంప్సన్ 1933లో చేసిన అనువాదం ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆయనే 1936లో మధ్యయుగపు రంగుల మీద ఒక పుస్తకం రాశాడు. ఒక్క ఇంగ్లీషు పుస్తకమే కొనగలిగితే అదే కొనమంటాను.

రెండో మెట్టు థియోఫిలస్. పన్నెండో శతాబ్దపు సన్యాసి, లోహపు పని బాగా తెలిసినవాడు, చేతిపనుల మీద ఒక పుస్తకం రాశాడు. వర్మిలియన్‌కు పాళ్లు కూడా ఇస్తాడు: గంధకం ఒక పాలు, పాదరసం రెండు. అదే పుస్తకంలో "స్పెయిన్ బంగారం" చేసే పద్ధతి కూడా ఉంది. రెండు ముసలి కోడిపుంజులను నేలమాళిగలో పెట్టి మేపితే అవి జతకట్టి గుడ్లు పెడతాయట, ఆ గుడ్లను కప్పలు పొదిగితే బాసిలిస్కులనే జంతువులు పుడతాయట, వాటిని కాల్చిన బూడిద, మనిషి రక్తం, పుల్లటి ద్రవం కలిపి రాగికి పూస్తే బంగారమవుతుందట! ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. మూయవద్దు. పాళ్లతో సహా ఇచ్చిన ఎరుపు పద్ధతీ, పుంజు గుడ్ల బంగారమూ ఒకే మనిషి ఒకే గంభీరతతో ఎందుకు రాశాడన్న ప్రశ్నే ఈ చదువుకు అసలు ద్వారం. స్పైక్ బక్లో 2009లో రాసిన 'ది ఆల్కెమీ ఆఫ్ పెయింట్' ఈ ప్రశ్నను ఓపికగా పట్టుకుంటుంది. ఆయన చెప్పినదంతా నేను ఒప్పుకోను, అక్కడక్కడా పాతకాలం మీద ప్రేమ ఎక్కువైపోయింది, కానీ రంగు ముట్టుకున్నవాడి రాత అది.

ఇంకొంచెం గట్టి చదువు కావాలంటే పమేలా స్మిత్ పుస్తకం 'ది బాడీ ఆఫ్ ది ఆర్టిజన్' ఉంది, 2004లో వచ్చింది. ఆమె బృందం పదహారో శతాబ్దపు ఫ్రెంచి చేతిరాత ప్రతిని ఒకదాన్ని తీసుకుని, అందులోని పద్ధతులను ప్రయోగశాలలో మళ్లీ చేసి చూసి, 2020లో మొత్తం ఇంగ్లీషు అనువాదంతో ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. రంగులు, పోతపనులు, బల్లిని అచ్చు తీసి వెండిలో పోయడం, అన్నీ ఉన్నాయి. ఫోనులో కన్నా కంప్యూటర్‌లో చదవడం మేలు.

ఇక మన వైపు. ప్రఫుల్ల చంద్ర రాయ్ రాసిన హిందూ రసాయన చరిత్ర మొదటి సంపుటం 1902లో వచ్చింది. ఆయన స్వయంగా పాదరసం లవణాల మీద పని చేసిన శాస్త్రవేత్త. అందుకే కజ్జలి అంటే ఏమిటో, మూస (లోహం కరిగించే మట్టి పాత్ర) ఎలా చేయాలో, యంత్రాల బొమ్మలేమిటో తేటగా చెబుతాడు. రసరత్నసముచ్చయం అనే పాత సంస్కృత రసశాస్త్ర గ్రంథం గురించి తెలుసుకోవడానికి నాకు తెలిసిన తిన్నని దారి ఇదే. మా జిల్లాల వాళ్లు ముందుగా అభ్రకం గురించిన భాగం తీయండి. సైదాపురం వైపు పొలాల గట్ల మీద ఎండకు తళుక్కుమనే రేకులు చూసి పెరిగినవాళ్లం కదా. రసశాస్త్రం అభ్రకాన్ని నాలుగు రకాలు చేస్తుంది, పరీక్ష నిప్పులోనే. రేకులు విడిపోతే పినాకం, పాములా బుస కొడితే నాగం, కప్పలా ఎగిరితే మండూకం, ఏమీ కాకుండా నిలిస్తే వజ్రం. నాలుగోదే మందుకు పనికొస్తుంది. ఇదే అభ్రకాన్ని విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రకళ గురించి చెప్పే చిత్రసూత్రం రంగు పదార్థాల జాబితాలో చేర్చింది, అదే జాబితాలో హింగుళం, అంటే మన ఇంగిలీకమూ ఉంది. స్టెల్లా క్రామ్రిష్ దాన్ని 1924లో ఇంగ్లీషులోకి తెచ్చింది. వైద్యుడి కల్వమూ చిత్రకారుడి రంగు చిప్పా ఒకే పేజీలో కలిసే చోటు కావాలంటే ఇది చదవండి.

తెలుగులో బసవరాజీయం అనే వైద్య గ్రంథం ఉంది. సంస్కృత శ్లోకాల మధ్య తెలుగు పద్యాలు వస్తుంటాయి, రసౌషధాలు విరివిగా ఉంటాయి. పాత వైద్యుల ఇళ్లలో దారం కుట్లు ఊడిన ప్రతులు ఇప్పటికీ కనిపిస్తాయి. కథ కావాలనుకుంటే గౌరన పదిహేనో శతాబ్దంలో ద్విపదలో రాసిన నవనాథ చరిత్ర తీసుకోండి, శ్రీశైలం మఠం కోసం రాసినది. సిద్ధుల లోకం తెలుగు మాటల్లో కళ్లకు కడుతుంది. శ్రీశైలానికి తూర్పు ద్వారం మా త్రిపురాంతకమే అన్నది మరచిపోవద్దు. నిత్యనాథుడి రసశాస్త్ర గ్రంథం రసరత్నాకరంలో శ్రీపర్వతం, అంటే శ్రీశైలం, చుట్టుపక్కల సిద్ధి స్థలాలను వర్ణించే భాగమే ఒకటి ఉంది. డేవిడ్ గోర్డన్ వైట్ 1996లో రాసిన 'ది ఆల్కెమికల్ బాడీ' ఈ శ్రీశైలం సంగతులు విస్తారంగా చెబుతుంది. లావుపాటి పుస్తకం, మొదటి పేజీ నుంచి చదవవలసిన పని లేదు. వెనక అనుక్రమణికలో శ్రీశైలం చూసుకుని అక్కడి నుంచి దిగండి.

వేమన పరుసవేది కథ అందరికీ తెలిసినదే కాబట్టి దాని జోలికి పోవడం లేదు. ఒక్కటి మాత్రం: వేమన పేరు మీద స్వర్ణయోగాలు అమ్మే పుస్తకాలను పక్కన పెట్టి, సి.పి. బ్రౌన్ 1829లో అచ్చేసిన కూర్పును చూడండి.

ఎక్కడ దొరుకుతాయి అంటారా? సింగరాయకొండలో ప్యాసింజరు ఎక్కితే వేటపాలెం దిగవచ్చు. అక్కడి సారస్వత నికేతనం 1918 నుంచి ఉన్న గ్రంథాలయం. 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన భవనం. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ మాకు ఇప్పటికీ మాదే. అక్కడ పాత పత్రికలు అడగండి. ఆ కాలపు సాహిత్య పత్రికలలో చిత్రకళ మీద, వైద్యం మీద వచ్చిన వ్యాసాలు పుస్తకాలుగా ఎప్పుడూ రాలేదు. పోయే ముందు మీ పదార్థం పేర్లన్నీ కాగితం మీద రాసుకోండి: ఇంగిలీకం, ఇంగువ కాదు అని కూడా పక్కన రాసుకోండి, నవ్వకండి, అవసరం పడుతుంది. హింగుళం, దరదం, రససిందూరం, అన్నీ కావాలి. ఒక పుస్తకంలో ఒక పేరే ఉంటుంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి, కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు ఎక్కించారు. దీర్ఘాలు ఒకచోట రెట్టిస్తారు, ఇంకోచోట వదిలేస్తారు, పొడుగాటి సమాసాన్ని మూడు ముక్కలు చేస్తారు. కాబట్టి పూర్తి పేరు కొట్టవద్దు. "రసరత్న" వరకు కొట్టి, భాష తెలుగు అని ఎంచుకుని, వచ్చినవాటిని ఓపికగా కిందికి జరుపుతూ పోవాలి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళితే కొత్త పుస్తకాల స్టాళ్లు దాటుకుని పాత పుస్తకాలవాళ్ల దగ్గరకు నేరుగా వెళ్లండి.

చేతిలోకి తీసుకున్న పుస్తకం పనికొస్తుందో లేదో తేల్చడానికి నా పరీక్ష ఎరుపుతోనే. పాదరసపు ఎరుపునూ సీసపు ఎరుపునూ రచయిత వేరు చేసి చెబుతున్నాడా? చెబితే నమ్మవచ్చు. రెండింటినీ సిందూరం అని కలిపేస్తే జాగ్రత్త పడండి. పాళ్లు, మంట, పాత్ర, ఈ మూడింటిలో ఒక్కటైనా లేకుండా పుటలకు పుటలు "గూఢార్థం" అంటూ నడిపిస్తే అక్కడే పెట్టేసి రండి. మనస్తత్వవేత్త యూంగ్ పుస్తకం 'సైకాలజీ అండ్ ఆల్కెమీ' ఇలాంటి నాసిరకం పుస్తకం కాదు, బొమ్మలు అద్భుతం. అయినా చివరికి ఉంచండి. ముందే చదివితే ప్రతి కుప్పెలోనూ మనసే కనిపించి పాదరసం కనిపించకుండా పోతుంది.

బొమ్మల పుస్తకాలకు వేరే పద్ధతి. 1582 నాటి 'స్ప్లెండర్ సోలిస్' చేతిరాత ప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, దాని చిత్రాలు ముద్రిత పుస్తకాలుగా దొరుకుతాయి. కుప్పెల్లో పక్షులు, నెమలి, రాజు, రాణి. 1677లో వచ్చిన 'మ్యూటస్ లిబర్' దాదాపు మాటల్లేకుండా పదిహేను బొమ్మలతో నడుస్తుంది. మైకేల్ మాయర్ 1617లో అచ్చు వేయించిన 'అటలాంటా ఫ్యూజియన్స్'లో యాభై బొమ్మలు, ఒక్కొక్కదానికి ఒక సంగీత రచన. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం 2020లో దాన్ని పాటలతో సహా ఉచితంగా పెట్టింది. వీటిని చూసేటప్పుడు ముందు అర్థాలు వెతక్కుండా రంగుల వరుస రాసుకోండి. నలుపు తర్వాత నెమలి పింఛం, తర్వాత తెలుపు, చివరికి ఎరుపు. కజ్జలి నుంచి రససిందూరం దాకా చూసినవారికి ఈ వరుస వట్టి కవిత్వంగా కనిపించదు. ఆ తర్వాత లారెన్స్ ప్రిన్సిపే 2013 పుస్తకం 'ది సీక్రెట్స్ ఆఫ్ ఆల్కెమీ' తెరవండి. ఆయన పాత సంకేత భాషను విప్పి, కొన్ని పద్ధతులను ప్రయోగశాలలో చేసి చూపించాడు.

వాటిని ఇంట్లో మాత్రం చేయవద్దు. పాదరసం ఆవిరి కంటికి కనబడదు, వాసన రాదు, నరాలను దెబ్బతీస్తుంది. హరిదళంలో ఉన్నది ఆర్సెనిక్. బస్తీ మూలికల అంగడిలో ఇస్తున్నారు కదా అని కొనుక్కొచ్చి మూకుడులో వేయించే ఉత్సాహవంతులకే ఈ మాట.

చేసి చూడాలని మరీ దురద పుడితే రెండో పదార్థంగా అన్నభేదిని ఎంచుకోండి. కరక్కాయ కషాయంలో పడగానే ఆ నీళ్లు నల్లబడి సిరా అవుతాయి. చేతి తొడుగు వేసుకుంటే చాలు. మన పాత సిరాలు కొన్నింటిలోనూ ఐరోపా చేతిరాత ప్రతుల్లోనూ ఇలాంటి కలయికే ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ నలుపు కూడా దీనికి దగ్గరి బంధువే: ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి, కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీస్తారు. గీసేటప్పుడు పలుచగా ఉన్న గీత కళ్ల ముందే నల్లగా తేలుతుంది. కలంకారీ మీద వచ్చిన ఏ పుస్తకమైనా తీసి, ముందు ఈ నలుపు చేసే పద్ధతి ఎన్ని వాక్యాల్లో చెప్పారో చూడండి. ఒక్క వాక్యంలో దాటేసిందైతే అది బొమ్మలు చూసుకోవడానికి, పేజీ పట్టిందైతే కొనడానికి.