ఇంటి దగ్గరే కారు రిపేరు – 6వ పాఠం: పీసీవీ వాల్వు

పోయిన పాఠంలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాం కదా, అందులో ఆయిల్ చెమ్మ కనిపించిన వాళ్లకే ఈ పాఠం. అలాంటి బండి నల్లగొండలో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా "రింగులు పోయినయ్, ఇంజన్ దించాలె" అనే మాట వినాల్సి రావచ్చు. అది నిజమే కావచ్చు. కానీ బొటనవేలంత ఉండే ఈ పీసీవీ వాల్వును (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్, అంటే ఇంజన్ లోపలి గ్యాస్‌కు దారి ఇచ్చేది) చూడకుండా ఇంజన్ దించనివ్వకండి.

సిలిండర్‌లో మండిన గ్యాస్ కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే భాగంలోకి దిగుతుంది. కొత్త ఇంజన్‌కైనా ఇది తప్పదు. అందులో నీటి ఆవిరి, మండని పెట్రోలు ఉంటాయి; అక్కడే నిలిస్తే ఆయిల్ మడ్డిగా మారుతుంది. ఒకప్పుడు దాన్ని గొట్టంతో బయటికే వదిలేవారు. కాలిఫోర్నియాలో 1961 మోడల్ కార్ల నుంచి మళ్లీ ఇంజన్‌లోకే పంపి కాల్చడం మొదలైంది. ఎంత గ్యాస్ పోవాలో చూసుకునేది ఈ వాల్వే.

ఇది మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్ చెమ్మ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వస్తుంది. ఇంజన్ పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. తెరుచుకునే ఉండిపోతే అదనపు గాలి లోపలికి పోయి ఐడ్లింగ్‌లో బండి వణుకుతుంది, స్కానర్‌లో పీ0171 కోడ్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని) రావచ్చు.

ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఉంచి, ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద మందపాటి కాగితం పెట్టండి. చొక్కా చేతులు తిరిగే ఇంజన్ బెల్టుకు దూరంగా ఉండాలి. కాగితం కాస్త అతుక్కుంటే మంచిదే. ఎగిరిపోతుంటే, వాల్వును హోస్ పైపుతో సహా బయటికి లాగి దాని మూతిని వేలితో మూయండి. వేలిని గట్టిగా పీల్చాలి. పీల్చకపోతే వాల్వన్నా మూసుకుపోయింది, పైపన్నా పూడింది. వాల్వు తీసేసి వట్టి పైపు మీద వేలు పెడితే రెండింటిలో ఏదన్నది తేలిపోతుంది. ఊపితే టకటకమంటోంది కాబట్టి బాగుందనుకోకండి, స్ప్రింగు సడలినా ఆ చప్పుడు వస్తుంది.

ఆయిల్ మూత అడుగున తెల్లని నురగ ఉందా? ఊళ్లోనే గడియారం సెంటర్ దాకా పోయొచ్చే బండ్లలో ఇంజన్ సరిగా వేడెక్కక అలా వస్తుంది. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ను (సిలిండర్ హెడ్ కింది ప్యాకింగ్) అనుమానించాలి.

మార్చేటప్పుడు ఇంజన్ చల్లారాలి. మన ఎండలకు పైపు, వాల్వు కూర్చునే రబ్బరు బుష్ రెండూ గట్టిపడి ఉంటాయి. లాగితే పెళుసుగా విరిగి ముక్కలు కవర్ లోపల పడతాయి, అందుకే మెల్లగా తిప్పుతూ తీయండి. బుష్ కూడా కొత్తదే వేయండి. మరలు (థ్రెడ్) ఉన్న వాల్వయితే ముందు చేత్తోనే ఎక్కించండి. ప్లాస్టిక్ కవర్ మీద స్పానర్‌తో బిగించడం మొదలుపెడితే పగులుతుంది. బిగించే ముందు శుభ్రమైన పైపు ముక్క తగిలించి ఊదండి: క్రాంక్‌కేసు వైపు నుంచి గాలి సులువుగా పోవాలి, ఎదురు వైపు నుంచి కష్టంగానే పోవాలి.

తర్వాత ట్యాపెట్ కవర్ అంచులు గుడ్డతో తుడిచి వారం నడపండి. కాగితం ఇంకా ఎగురుతుంటే, వచ్చే పాఠంలో కంప్రెషన్ గేజ్ (సిలిండర్ ప్రెషర్ కొలిచే మీటరు) పట్టి రింగుల సంగతి చూద్దాం.